ఫైల్ ఉంది, ప్రోగ్రామ్‌కు దొరకడం లేదు: షేర్డ్ లైబ్రరీ నమోదు, బిల్డ్ పాత్ చిక్కులు విప్పే పద్ధతి

"అన్నా, ఫైల్ కండ్ల ముందట్నే ఉన్నది. మరి లేదంటదేంది?"

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. కాలేజీ ప్రాజెక్టు పిల్లలు, మడికొండ వైపు ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లు, మార్కెట్ కాంటాలకూ జిన్నింగ్ మిల్లులకూ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న డెవలపర్లు, అందరిదీ ఒకటే బాధ. లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునేలా సిద్ధం చేసిన కోడ్ ఫైల్) ఇన్‌స్టాల్ చేశారు, ఫోల్డర్‌లో కనిపిస్తోంది, బిల్డ్ (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్ కట్టడం) మాత్రం ఆగిపోతుంది. లేదంటే బిల్డ్ అయిపోతుంది, రన్ చేస్తే పడిపోతుంది.

ఇన్నాళ్లూ ఫోన్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను. ఈసారి మొదటి నుంచి చివరిదాకా వరుసగా రాస్తున్నాను. ఈ పనికి వరుసే ప్రాణం. నాలుగో మెట్టు మీద చేయాల్సిన మార్పు రెండో మెట్టు మీద చేస్తే పాత ఎర్రర్ పోదు, కొత్తది వచ్చి చేరుతుంది.

ఉదాహరణ అంతటా ఒక్కటే పెట్టుకుందాం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఉందనుకోండి. సీరియల్ పోర్టు నుంచి బరువు చదివే లైబ్రరీ పేరు లిబ్‌కాంటా. ఆ బరువు తీసుకుని చిట్టీ ప్రింట్ చేసే మన ప్రోగ్రామ్ పేరు తూకం.

మొదటి ఏడు మెట్లలోని కమాండ్లు లైనక్స్‌వి, విండోస్ సంగతి ఎనిమిదో మెట్టులో వస్తుంది. కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. కాపిటల్ అని చెప్పనిచోట అన్నీ చిన్న అక్షరాలే.

1. చేయి పెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఎర్రర్ రాగానే ఐదు మార్పులు ఒకేసారి చేసేవాళ్లు ఎక్కువ. తర్వాత పని జరిగినా ఏ మార్పు వల్ల జరిగిందో తెలియదు, ఇంకో కంప్యూటర్‌లో మళ్లీ మొదటికొస్తుంది. ఒక కాగితం పక్కన పెట్టుకుని, చేసిన ప్రతి మార్పూ రాసుకోండి.

□ ఎర్రర్ మొత్తం ఫైల్‌లోకి తీసుకోండి: మేక్ 2>&1 | టీ బిల్డ్.లాగ్
□ ఆ లాగ్‌లో చివరి ఎర్రర్ కాదు, మొట్టమొదటి ఎర్రర్ వెతకండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే.
□ బిల్డ్‌ను మైనస్ జే 8 లాంటి ఆప్షన్‌తో నడుపుతుంటే అది తీసేసి, ఒక్క పనిగా నడపండి. ఎనిమిది పనులు కలిసి నడిస్తే ఎర్రర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.
□ సిస్టమ్ ఏ వెర్షనో చూడండి: క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్
□ ప్రోగ్రామ్, లైబ్రరీ రెండింటి మీదా ఫైల్ అనే కమాండ్ నడిపి, 32 బిట్టా 64 బిట్టా అని రాసుకోండి.
□ లైబ్రరీ అసలు ఎక్కడుందో పూర్తి పాత్ (ఫైల్ ఉన్న చోటు చిరునామా) రాసుకోండి. ఒకటికి రెండు చోట్ల ఉంటే రెండూ రాయండి. చిక్కు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కంపైలర్‌కు వెళ్తున్న అసలు ఆదేశం కళ్లతో చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. సీమేక్ (బిల్డ్ ఫైళ్లు తయారుచేసే పనిముట్టు) తయారుచేసిన మేక్‌ఫైల్ (మేక్‌కు బిల్డ్ సూచనలుండే ఫైల్) అయితే మేక్ తర్వాత కాపిటల్స్‌లో వెర్బోస్=1 అని పెట్టండి. నింజా (మేక్ లాంటి పనిముట్టే) అయితే మైనస్ వీ. మీరు ఇచ్చాననుకున్న ఫోల్డర్ ఆ లైన్‌లో లేకపోతే తప్పు లైబ్రరీది కాదు, మీ బిల్డ్ ఫైల్‌ది.

2. ముందు తేల్చాల్సింది: లేదంటున్నది ఎవరు?

బస్తా గోదాంలో ఉన్నంత మాత్రాన సరిపోదు. గుమస్తా చిట్టా చూసి చెప్తాడు. చిట్టాలో ఎక్కకపోతే సరుకు ఉన్నా లేనట్టే. కంప్యూటర్‌లో ఇలాంటి గుమస్తాలు ముగ్గురు. ఒక్కొక్కరు ఒక్కో వేళ వస్తారు, ఒక్కొక్కరు వేరే చోట వెతుకుతారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియదు.

కంపైలర్ (సోర్స్ కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చేది) హెడర్ ఫైల్ (లైబ్రరీలోని ఫంక్షన్ల వివరాలుండేది) అడుగుతుంది. "కాంటా.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని, ముందు "ఫేటల్ ఎర్రర్" అని వస్తే మాట దీనిది.

లింకర్ (కంపైల్ అయిన ముక్కలనూ లైబ్రరీలనూ కలిపేది) బిల్డ్ చివర్లో వస్తుంది. "కెనాట్ ఫైండ్ -ఎల్‌కాంటా" అంటే లైబ్రరీ ఫైలే దొరకలేదు. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటే ఫంక్షన్ దొరకలేదు. ఈ రెండూ వేర్వేరు చిక్కులు, కలిపేయకండి.

లోడర్ (ప్రోగ్రామ్‌కు కావాల్సిన లైబ్రరీలను మెమరీలోకి తెచ్చేది) ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు వస్తుంది. "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" అన్నా, "అన్‌డిఫైన్డ్ సింబల్" అన్నా మాట దీనిదే. అప్పటికి బిల్డ్ అయిపోయింది కాబట్టి మేక్‌ఫైల్‌లో లింకర్ ఫోల్డర్లు ఎన్ని చేర్చినా లాభం లేదు.

విండోస్‌లో నాలుగో గుమస్తా కూడా ఉన్నాడు, అది రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా). "క్లాస్ నాట్ రిజిస్టర్డ్" అనేది దాని మాట. దాని దగ్గరికి ఎనిమిదో మెట్టులో వస్తాం.

నేను చూసిన కేసుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: లోడర్ ఫిర్యాదు చేస్తుంటే లింకర్‌కు పాత్ ఇవ్వడం. ఎర్రర్ ఎవరిదో కాగితం మీద రాసుకున్నాకే ముందుకు కదలండి.

3. కంపైలర్ ఫిర్యాదు

ఇది తేలిక. ఉబుంటు, డెబియన్‌లలో లైబ్రరీ ప్యాకేజీ వేరు, దాంతో బిల్డ్ చేయడానికి కావాల్సిన ప్యాకేజీ వేరు. రెండోదాని పేరు చివర -డెవ్ ఉంటుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో -డెవెల్. హెడర్లు అందులోనే వస్తాయి. మీ సొంత ఫోల్డర్‌లో హెడర్ ఉంటే మైనస్ కాపిటల్ ఐ ఫ్లాగ్‌తో ఆ ఫోల్డర్ ఇవ్వండి. ఇవ్వాల్సింది ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు కాదు.

4. లింకర్ ఫిర్యాదు

ఇక్కడ రెండు ఎల్‌లు ఉన్నాయి. కాపిటల్ ఎల్ ఫోల్డర్ చెప్తుంది, స్మాల్ ఎల్ లైబ్రరీ పేరు చెప్తుంది. పేరు ఇచ్చేటప్పుడు ముందున్న లిబ్, వెనకున్న .ఎస్ఓ రెండూ తీసేయాలి. లిబ్‌కాంటా.ఎస్ఓ అయితే -ఎల్‌కాంటా. "-ఎల్‌లిబ్‌కాంటా" అని రాస్తే లింకర్ లిబ్‌లిబ్‌కాంటా కోసం వెతుకుతుంది.

ఇది సరిగ్గా ఉన్నా దొరకలేదంటే ఫోల్డర్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ లిబ్‌కాంటా.ఎస్ఓ.1 మాత్రమే ఉండి, అంకె లేని లిబ్‌కాంటా.ఎస్ఓ లేకపోవచ్చు. లింకర్‌కు అంకె లేని పేరే కావాలి. సాధారణంగా అది అసలు ఫైల్‌కు సిమ్‌లింక్‌గా (ఇంకో ఫైల్‌ను చూపించే పేరుగా) ఉంటుంది, -డెవ్ ప్యాకేజీతో వస్తుంది. చేత్తో లింక్ చేసేముందు ఆ ప్యాకేజీ పెట్టారో లేదో చూడండి.

లింకర్ ఏయే చోట్ల వెతికిందో దాన్నే అడగవచ్చు:

ఎల్‌డీ -ఎల్‌కాంటా --వెర్బోస్

వెతికిన ప్రతి ఫైల్ పేరూ, దొరికిందా లేదా అన్నదీ ఇది వరుసగా చూపిస్తుంది. మీ ఫోల్డర్‌ను కాపిటల్ ఎల్‌తో దీనికీ ఇవ్వాలి. బయటికొచ్చిన దాంట్లో "స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్" అని కనిపిస్తే ఫైల్ దొరికింది, కానీ బిట్ తేడా వల్ల వదిలేసింది అని అర్థం. కాంటా కంపెనీలు ఇచ్చే పాత లైబ్రరీలు 32 బిట్‌వి కావడం మామూలే. వాళ్లను 64 బిట్ లైబ్రరీ అడగాలి, లేదా మన ప్రోగ్రామ్‌ను 32 బిట్‌గా కట్టాలి. ఒకే ప్రోగ్రామ్‌లో రెండూ కలపడం కుదరదు.

"అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వచ్చినప్పుడు ఈ వరుసలో చూడండి.

మొదటిది, ఆదేశంలో క్రమం. లైబ్రరీ పేరు సోర్స్, ఆబ్జెక్ట్ ఫైళ్ల (కంపైల్ అయిన ముక్కల) తర్వాత రావాలి. "జీసీసీ -ఎల్‌కాంటా తూకం.సీ" తప్పు, "జీసీసీ తూకం.సీ -ఎల్‌కాంటా" ఒప్పు. ఉబుంటులో అవసరం పడని లైబ్రరీని లింకర్ తానే వదిలేస్తుంది. ముందే చదివినప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి అవసరం లేదనుకుంటుంది. ఇంకో చోట బిల్డ్ అయినది మీ దగ్గర కాకపోవడానికి ఇది పెద్ద కారణం.

రెండోది, సీ, సీప్లస్‌ప్లస్ తేడా. సీప్లస్‌ప్లస్ కంపైలర్ ఫంక్షన్ పేరుకు దాని పారామీటర్ల వివరాలు కూడా అతికిస్తుంది. లైబ్రరీ సీలో రాసింది, మీ ప్రోగ్రామ్ సీప్లస్‌ప్లస్‌ది అయితే పేర్లు కలవవు. హెడర్‌ను ఎక్స్‌టర్న్ సీ బ్లాక్‌లో పెట్టండి.

మూడోది, ఆ ఫంక్షన్ ఆ లైబ్రరీలో నిజంగా ఉందా?

ఎన్ఎమ్ -డీ లిబ్‌కాంటా.ఎస్ఓ

ఇక్కడ డీ కాపిటల్. పేరు ముందు కాపిటల్ టీ ఉంటే ఫంక్షన్ అందులో ఉంది. కాపిటల్ యూ ఉంటే ఈ లైబ్రరీయే దాన్ని ఇంకొకరిని అడుగుతోంది.

మీరే లైబ్రరీ కడుతున్నప్పుడు "రీకంపైల్ విత్ -ఎఫ్‌పిక్" అని వస్తే దాని మాట విని, లైబ్రరీలోకి వెళ్లే అన్ని ఆబ్జెక్టులనూ ఆ ఫ్లాగ్‌తో మళ్లీ కంపైల్ చేయండి. పిక్ మూడక్షరాలూ కాపిటల్. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగిలిపోతే ఫ్లాగ్ పెట్టినా ఎర్రర్ పోదు, మేక్ క్లీన్ తర్వాతే చూడండి.

5. పీకేజీ-కాన్ఫిగ్, సీమేక్ గుర్తుపెట్టుకునే తప్పులు

ఫోల్డర్లన్నీ చేత్తో రాసే బదులు పీకేజీ-కాన్ఫిగ్ వాడటం మంచిది. అది .పీసీ ఫైళ్లు చదివి ఫ్లాగ్‌లు ఇస్తుంది. మీ లైబ్రరీ మామూలు కాని చోట ఉంటే ఆ .పీసీ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను కాపిటల్స్‌లో పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌లో పెట్టండి. లైబ్రరీ ఫోల్డర్ కాదు, దాని లోపలి పీకేజీకాన్ఫిగ్ ఫోల్డర్. ఈ ఒక్క మెట్టు తేడాతో రాత్రంతా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

సీమేక్‌తో చిక్కు వేరు. లైబ్రరీ ఒకసారి దొరకకపోతే "నాట్‌ఫౌండ్" అని తన క్యాష్‌లో (గుర్తుపెట్టుకునే ఫైల్‌లో) రాసుకుంటుంది, కానీ తర్వాతిసారి మళ్లీ వెతుకుతుంది. ఒకవేళ పాత ఫోల్డర్‌లో దొరికితే మాత్రం ఆ పాత్‌నే పట్టుకుని కూర్చుంటుంది. మీరు తర్వాత లైబ్రరీ చోటు మార్చినా ఆ పాత రాతే చదువుతుంది. అందుకే పాత్ మార్చిన ప్రతిసారీ బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. సీమేక్ 3.24 నుంచి --ఫ్రెష్ అనే ఆప్షన్ ఆ క్యాష్‌ను తీసేసి మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది.

సొంత చోటు చెప్పడానికి కాపిటల్స్‌లో సీమేక్_ప్రిఫిక్స్_పాత్ ఇవ్వండి. లైబ్రరీ /ఓపీటీ/కాంటా/లిబ్‌లో ఉంటే ఇవ్వాల్సింది /ఓపీటీ/కాంటా వరకే. లిబ్, ఇంక్లూడ్ తనే వెతుక్కుంటుంది.

6. లోడర్ ఫిర్యాదు: నమోదు అంటే ఇదే

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ మెట్టు మీదివే.

ముందుగా ప్రోగ్రామ్‌కు ఏమేం కావాలో, ఏవి దొరకలేదో చూడండి:

ఎల్‌డీడీ ./తూకం

"నాట్ ఫౌండ్" అన్న లైన్లే మీ పని. ఊరూపేరూ తెలియని చోటినుంచి తెచ్చిన ప్రోగ్రామ్ మీద మాత్రం ఎల్‌డీడీ నడపకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపే ప్రమాదం ఉంది. అలాంటిదాన్ని రీడ్ఎల్ఫ్ -డీతో చూడండి. అది ఫైల్‌ను చదువుతుందే తప్ప నడపదు.

రీడ్ఎల్ఫ్ చూపించే "నీడెడ్" లైన్‌లోని పేరు చాలా ముఖ్యం. లోడర్ ఆ పేరునే అక్షరం పొల్లుపోకుండా వెతుకుతుంది. లైబ్రరీ కట్టినప్పుడు దాని లోపల రాసిన ఎస్ఓనేమ్ నుంచి ఈ పేరు వస్తుంది. మనం లింక్ చేసింది లిబ్‌కాంటా.ఎస్ఓతో, రన్ అయ్యేటప్పుడు అడిగేది లిబ్‌కాంటా.ఎస్ఓ.1. పేరు ఎందుకు మారిందని కంగారు పడకండి, పద్ధతే అది. అంకె మారితే పాత ప్రోగ్రామ్‌తో పొసగదు అని లైబ్రరీ రాసినవాళ్లు చెప్పే తీరు.

ఎస్ఓనేమ్ లేకుండా కట్టిన లైబ్రరీతో ఒక చిక్కుంది. బిల్డ్‌లో "./బిల్డ్/లిబ్‌కాంటా.ఎస్ఓ" అని పాత్‌తో సహా ఇచ్చి లింక్ చేస్తే ఆ పాత్ మొత్తం నీడెడ్‌లోకి ఎక్కుతుంది. అప్పుడు ప్రోగ్రామ్ మీరున్న ఫోల్డర్‌ను బట్టి ఒకచోట నడుస్తుంది, ఇంకోచోట నడవదు. లైబ్రరీ కట్టేటప్పుడే -డబ్ల్యూఎల్,-ఎస్ఓనేమ్,లిబ్‌కాంటా.ఎస్ఓ.1 అని ఇవ్వండి. ఇందులో డబ్ల్యూ కాపిటల్.

ఇప్పుడు లోడర్ వెతికే వరుస. ఇందులో ఆర్‌పాత్, రన్‌పాత్ రెండూ ప్రోగ్రామ్ ఫైల్ లోపలే రాసిన దారులు, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ బయటినుంచి ఇచ్చే వేరియబుల్ (పేరంతా కాపిటల్స్‌లో). రన్‌పాత్ లేని ప్రోగ్రామ్‌లో ఆర్‌పాత్ ఉంటే ముందు అది. తర్వాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్. తర్వాత రన్‌పాత్. ఆ తర్వాత /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్ అనే చిట్టా. చివరికి /లిబ్, /యూఎస్ఆర్/లిబ్. లోడర్ మీ డిస్క్ మొత్తం వెతకదు. మీరు నిలబడ్డ ఫోల్డర్‌లో కూడా తనంతట తాను చూడదు, విండోస్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే పొరబడతారు.

చిట్టాలో ఎక్కించే పద్ధతి ఇది:

ఒకటి, లైబ్రరీని స్థిరమైన చోట పెట్టండి, ఉదాహరణకు /ఓపీటీ/కాంటా/లిబ్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ వద్దు.

రెండు, /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ/ ఫోల్డర్‌లో కాంటా.కాన్ఫ్ అనే ఫైల్ చేసి, అందులో ఆ ఫోల్డర్ పాత్ ఒక్క లైన్‌గా రాయండి. ఫైల్ పేరు చివర .కాన్ఫ్ తప్పనిసరి.

మూడు, సూడో ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. సూడో లేకపోతే చిట్టా రాయడానికి అనుమతి దొరకదు.

నాలుగు, ఎక్కిందో లేదో చూడండి: ఎల్‌డీకాన్ఫిగ్ -పీ | గ్రెప్ కాంటా

ఉబుంటులో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ముందే జాబితాలో ఉంటుంది. కాబట్టి మేక్ ఇన్‌స్టాల్ తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ ఒక్కటి నడిపితే చాలు. అది మరిచిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు ఆ ఫోల్డర్ జాబితాలో ఉండదు, రెండో అడుగు మీరే వేయాలి.

నమోదు చేసినా కనిపించడం లేదా? వీటిని చూడండి.

□ ఫైల్ పేరు లిబ్‌తో మొదలవుతోందా? ఎల్‌డీకాన్ఫిగ్ అలాంటివాటినే చిట్టాలో రాస్తుంది. కాంటా.ఎస్ఓ అని ఉంటే పట్టించుకోదు.
□ ఫైల్‌ను అందరూ చదవగలరా? రూట్‌గా కాపీ చేసినప్పుడు కొన్నిసార్లు రూట్ ఒక్కడే చదవగలిగేలా పడుతుంది. అప్పుడు ఎర్రర్ చివర "పర్మిషన్ డినైడ్" అని ఉంటుంది.
□ లైబ్రరీ మీ హోమ్ ఫోల్డర్‌లో ఉందా? ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ ఫోల్డర్లు ఇతర యూజర్లకు తెరుచుకోవు. మీ చేతిలో నడిచిన ప్రోగ్రామ్ సర్వీసుగా పెడితే ఆగిపోవడానికి ఇదొక కారణం.
□ "ఫెయిల్డ్ టు మ్యాప్ సెగ్మెంట్" అని వస్తోందా? లైబ్రరీ ఉన్న డిస్క్ లేదా పెన్‌డ్రైవ్ నోఎగ్జెక్‌తో (అందులోని ఫైళ్లను నడపనివ్వని ఆప్షన్‌తో) మౌంట్ అయి ఉందేమో చూడండి.

ఇన్ని చూసినా తేలకపోతే లోడర్‌నే నోరు విప్పమనండి. ఎల్‌డీ_డీబగ్ కాపిటల్స్‌లో, లిబ్స్ చిన్న అక్షరాల్లో:

ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ ./తూకం

ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో వెతికిందో, చివరికి ఏ ఫైల్ తీసుకుందో ఒక్కో లైన్‌గా చెప్తుంది. పాత కాపీని ఎక్కడినుంచో లాక్కొస్తుంటే ఇక్కడ దొరికిపోతుంది.

ఒక గట్టి మాట. లిబ్‌కాంటా.ఎస్ఓ.1 లేదంటోందని, ఉన్న లిబ్‌కాంటా.ఎస్ఓ.2కు ఆ పేరుతో సిమ్‌లింక్ చేయకండి. ఎర్రర్ పోతుంది, ప్రోగ్రామ్ మొదలవుతుంది. కానీ రెండు వెర్షన్లకూ మధ్య ఏదైనా స్ట్రక్చర్ మారి ఉంటే బరువు అంకె తప్పుగా రావచ్చు. రైతు బస్తా బరువు తప్పు పడటం కంటే ప్రోగ్రామ్ అసలు మొదలవకపోవడమే నయం.

7. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

పరీక్షించడానికి ఇది మంచి పనిముట్టు. ఆ ఒక్క ఆదేశం ముందు పెట్టి చూసి, పనిచేస్తే "చిక్కు పాత్‌దే" అని తేల్చుకోవచ్చు. శాశ్వత పరిష్కారంగా మాత్రం వద్దు.

పరకాల వైపు ఒక జిన్నింగ్ మిల్లులో నేనే ఈ తప్పు చేశాను. పాత్‌ను బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడు చదివే సెట్టింగుల ఫైల్‌లో) రాసి, టెర్మినల్‌లో నడిపి చూపించి వచ్చాను. మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే ప్రోగ్రామ్ రాలేదు. మిల్లు బయట పత్తి బండ్లు వరుసగా నిలబడ్డాయి, లోపల చేతిరాతతో చిట్టీలు రాశారు. ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ సర్వీసుగా (కంప్యూటర్ ఆన్ కాగానే తనంతట వచ్చేలా) పెట్టాను, సర్వీసులు బాష్‌ఆర్‌సీ చదవవు. సూడోతో నడిపినా ఆ వేరియబుల్ పోతుంది. ఆ రోజు నుంచి లోడర్‌కు చెప్పాల్సిన దారిని ప్రోగ్రామ్ లోపలే రాస్తున్నాను.

ఆ పద్ధతి ఇది. ప్రోగ్రామ్ బిన్ ఫోల్డర్‌లో, లైబ్రరీ పక్కనే ఉన్న లిబ్ ఫోల్డర్‌లో ఉందనుకుంటే లింక్ చేసేటప్పుడు:

-డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,'$ఆరిజిన్/../లిబ్'

డబ్ల్యూ ఇక్కడా కాపిటల్. ఆరిజిన్ కాపిటల్స్‌లో. ప్రోగ్రామ్ ఫైల్ ఉన్న చోటు అని దాని అర్థం. ఫోల్డర్ మొత్తాన్ని ఎక్కడికి మార్చినా పనిచేస్తుంది. కోట్స్ ఒంటివి పెట్టండి, లేకపోతే షెల్ ఆ డాలర్‌ను తన వేరియబుల్ అనుకుని ఖాళీ చేస్తుంది. మేక్‌ఫైల్‌లో రాస్తే డాలర్ గుర్తు రెండుసార్లు పెట్టాలి. కట్టాక రీడ్ఎల్ఫ్ -డీతో సరిగ్గా పడిందో లేదో చూడటం మరవకండి.

సీమేక్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక దెబ్బ తగులుతుంది. బిల్డ్ ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేశాక పడిపోతుంది. బిల్డ్ సమయంలో సీమేక్ తానే పెట్టిన దారిని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తీసేస్తుంది. కాపిటల్స్‌లో సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్ మీరు ఇవ్వాలి.

ఇంకొకటి. ఇప్పటి లింకర్లు చాలావాటిలో ఈ ఫ్లాగ్ రన్‌పాత్‌ను రాస్తుంది. రన్‌పాత్ ఆ ప్రోగ్రామ్ నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది. లిబ్‌కాంటాకు ఇంకో లైబ్రరీ కావాలంటే, లిబ్‌కాంటాకూ విడిగా దారి రాయాలి. సోర్స్ లేని లైబ్రరీ అయితే ప్యాచ్ఎల్ఫ్ అనే పనిముట్టుతో రాయవచ్చు.

వెర్షన్ ఎర్రర్ల సంగతి. జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లకూ ఆధారమైన సీ లైబ్రరీ. "జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అని వస్తే మీరు కొత్త సిస్టమ్‌లో కట్టి పాతదాంట్లో నడుపుతున్నారు. ఉబుంటు 20.04లో జీలిబ్‌సీ 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. కస్టమర్ దగ్గరున్న అతి పాత సిస్టమ్ మీద కట్టండి, కొత్తవాటిలో అదే నడుస్తుంది. ఇంకో కంప్యూటర్ నుంచి లిబ్‌సీ ఫైల్ తెచ్చి అతికిస్తే మాత్రం టెర్మినల్ కూడా తెరుచుకోని స్థితి రావచ్చు.

పైథాన్ పిల్లలకు రెండు ముక్కలు. ఓపెన్‌సీవీ (ఫొటోలు, వీడియోలతో పనిచేసే లైబ్రరీ) "లిబ్‌జీఎల్.ఎస్ఓ.1" లేదంటే, ఉబుంటులో లిబ్‌జీఎల్1 ప్యాకేజీ పెట్టండి. స్క్రీన్ లేని సర్వర్ అయితే ఓపెన్‌సీవీ హెడ్‌లెస్ రకం చాలు. "జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్" గురించి ఎర్రర్ వస్తుంటే కోండా (పైథాన్ ప్యాకేజీలు పెట్టే పనిముట్టు) తన సొంత సీప్లస్‌ప్లస్ లైబ్రరీని ముందుకు తోస్తోందేమో చూడండి. కోండా లిబ్ ఫోల్డర్‌ను ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో పెట్టి ఉంటే తీసేయండి.

8. విండోస్‌లో డీఎల్‌ఎల్ నమోదు

కాంటా కంపెనీ సీడీలోంచి ఒక డీఎల్‌ఎల్ (విండోస్‌లో షేర్డ్ లైబ్రరీ) లేదా ఓసీఎక్స్ (ఫారమ్‌లో పెట్టే కంట్రోల్) ఇస్తుంది, "రెగ్‌ఎస్‌వీఆర్32 కొట్టండి" అంటుంది. ముందు తెలుసుకోవాల్సింది, అన్ని డీఎల్‌ఎల్‌లకూ నమోదు అక్కర్లేదు. కామ్ పద్ధతిలో (విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ భాగాలను ఇంకొకటి రిజిస్ట్రీ చూసి వాడుకునే పద్ధతి) రాసినవాటికే కావాలి. "డీఎల్‌ఎల్‌రిజిస్టర్‌సర్వర్ ఎంట్రీ పాయింట్ నాట్ ఫౌండ్" అని వస్తే అది మామూలు డీఎల్‌ఎల్. దాన్ని ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి, అంతే. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన కామ్ లైబ్రరీ అయితే రెగ్‌ఆస్మ్ వాడాలి, కోడ్‌బేస్ ఆప్షన్‌తో.

నమోదు చేయాల్సినదైతే వరుస ఇది:

ఒకటి, ఫైల్‌ను శాశ్వతమైన ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. నమోదు అంటే రిజిస్ట్రీలో ఆ ఫైల్ పూర్తి పాత్ రాయడమే. పెన్‌డ్రైవ్ నుంచి నమోదు చేసి పెన్‌డ్రైవ్ తీసేస్తే నమోదు ఉంటుంది, ఫైల్ ఉండదు.

రెండు, కమాండ్ ప్రాంప్ట్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. 0ఎక్స్80070005 కోడ్ వస్తే ఈ అడుగు తప్పింది.

మూడు, బిట్ చూసి సరైన రెగ్‌ఎస్‌వీఆర్32 ఎంచుకోండి. 64 బిట్ విండోస్‌లో అది రెండు చోట్ల ఉంటుంది. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్‌ది, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32 బిట్‌ది. పేర్లు తిరగబడ్డట్టు కనిపిస్తాయి, కానీ నిజం ఇదే.

నాలుగు, చోటు మార్చాలంటే ముందు /యూ ఆప్షన్‌తో పాత నమోదు తీసేసి, అప్పుడు మార్చి, మళ్లీ నమోదు చేయండి.

"ది మాడ్యూల్ ఫెయిల్డ్ టు లోడ్" అంటూ 0ఎక్స్8007007ఈ వస్తే ఆ డీఎల్‌ఎల్‌కు కావాల్సిన ఇంకో డీఎల్‌ఎల్ లేదు. విజువల్ స్టూడియో కమాండ్ ప్రాంప్ట్‌లో డంప్‌బిన్ /డిపెండెంట్స్ నడిపితే పేర్లు వస్తాయి. చాలాసార్లు అది వీసీరన్‌టైమ్140, మైక్రోసాఫ్ట్ ఇచ్చే రీడిస్ట్రిబ్యూటబుల్ పెడితే పోతుంది. పేరు చివర డీ అక్షరం ఉంటే మీరు డీబగ్ బిల్డ్ ఇచ్చారన్నమాట. రిలీజ్ బిల్డ్ కట్టి ఇవ్వండి.

నమోదు విజయవంతం అని చెప్పాక కూడా "క్లాస్ నాట్ రిజిస్టర్డ్" వస్తుంటే దాదాపు ఎప్పుడూ బిట్ తేడాయే. 32 బిట్ నమోదు 64 బిట్ ప్రోగ్రామ్‌కు కనపడదు. ప్రాజెక్టులో ఎనీ సీపీయూ తీసేసి ఎక్స్86 పెట్టండి. విజువల్ స్టూడియో 2022 నుంచి ఆ సాఫ్ట్‌వేరే 64 బిట్ అయింది కాబట్టి, పాత 32 బిట్ ఓసీఎక్స్‌ను ఫారమ్ డిజైనర్‌లో పెట్టడం దగ్గర ఇబ్బంది వస్తుంది. ప్రోగ్రామ్ నడవడానికి, డిజైనర్‌లో కనపడటానికి సంబంధం లేదు, రెంటినీ విడిగా పరీక్షించండి.

0ఎక్స్సీ000007బీ వచ్చినా ముందు అనుమానించాల్సింది 32, 64 కలిసిపోవడాన్నే.

బిల్డ్ వైపు లింక్ 1104 ఎర్రర్ అంటే చాలావరకు .లిబ్ ఫైల్ దొరకలేదు, లింక్ 2019 అంటే ఫంక్షన్ దొరకలేదు, లింక్ 1112 అంటే బిట్ తేడా. విజువల్ స్టూడియోలో లింక్ చేయడానికి డీఎల్‌ఎల్ సరిపోదు, దానితోపాటు వచ్చే .లిబ్ ఫైల్ కావాలి. ప్రాపర్టీస్‌లో డీబగ్‌కు ఇచ్చిన పాత్ రిలీజ్‌కు వర్తించదు. పైన కాన్ఫిగరేషన్ దగ్గర ఆల్ ఎంచుకుని రాయండి.

9. ఫోల్డర్ పేర్లు, డబ్ల్యూఎస్ఎల్

ప్రాజెక్టును స్పేస్ లేని, చిన్న, ఇంగ్లిష్ అక్షరాల పేరున్న ఫోల్డర్‌లో పెట్టండి. "ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ న్యూ" లాంటి పేరును కోట్స్ లేని మేక్‌ఫైల్ నాలుగు ముక్కలు చేస్తుంది. విండోస్‌లో పాత పనిముట్లు చాలావాటికి పాత్ మొత్తం 260 అక్షరాలు దాటకూడదు. వన్‌డ్రైవ్ కింద ఉన్న డెస్క్‌టాప్ కూడా వద్దు, సింక్ అవుతూ ఫైళ్లను పట్టుకుంటుంది.

డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల లైనక్స్ నడిపే ఏర్పాటు) కోడ్‌ను లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. సీ డ్రైవ్ మీద కడితే నెమ్మదిస్తుంది, ఫైల్ అనుమతులతోనూ పేచీ వస్తుంది. విండోస్ పాత్ డబ్ల్యూఎస్ఎల్‌లోకి కూడా వస్తుంది కాబట్టి అక్కడి పనిముట్టును సీమేక్ పట్టుకునే అవకాశం ఉంది. విచ్ సీమేక్ అని ఒకసారి చూడండి. ఎల్‌డీకాన్ఫిగ్ నడిపినప్పుడు "లిబ్‌క్యూడా.ఎస్ఓ.1 ఈజ్ నాట్ ఎ సింబాలిక్ లింక్" అనే హెచ్చరిక డబ్ల్యూఎస్ఎల్‌లో మామూలే. మీ చిక్కుకు దానికి సంబంధం లేదు.

10. మిల్లుకో మార్కెట్‌కో తీసుకెళ్లే ముందు

□ బిల్డ్ ఫోల్డర్ తీసేసి మొదటి నుంచి ఒకసారి కట్టారా?
□ మీ లైబ్రరీ సోర్స్ ఫోల్డర్ పేరు మార్చేసి ప్రోగ్రామ్ నడిపారా? పేరు మార్చగానే పడిపోతే అది ఇంకా మీ కంప్యూటర్ ఫోల్డర్‌నే చూస్తోంది.
□ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ తీసేసిన కొత్త టెర్మినల్‌లో నడిచిందా?
□ అడ్మిన్ కాని మామూలు యూజర్‌తో నడిచిందా?
□ కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఎవరూ ఏమీ కొట్టకుండా తనంతట తాను వచ్చిందా?
□ డెవలప్‌మెంట్ పనిముట్లు ఏవీ లేని కంప్యూటర్ మీద పరీక్షించారా?

చివరిదానికి రెండో కంప్యూటర్ లేకపోతే వర్చువల్ మెషిన్‌లో కస్టమర్ దగ్గరున్న వెర్షన్ ఓఎస్‌ను మాత్రమే పెట్టి, దాన్ని అలాగే స్నాప్‌షాట్‌గా దాచుకోండి. ప్రతి కొత్త వెర్షన్‌నూ ఆ స్నాప్‌షాట్ నుంచే మొదలుపెట్టి చూడండి.